మాస్టారు దిద్దిన తప్పులు

"మీ పేరు మీద ఉన్న మొబైల్ కనెక్షన్ రెండు గంటల్లో ఆగిపోతుంది. వివరాలకు తొమ్మిది నొక్కండి."

రికార్డు చేసిన ఆడగొంతు. ముందు హిందీలో, ఆ తర్వాత ఇంగ్లీషులో. మాస్టారికి పింఛను మెసేజ్ వచ్చేది ఆ నంబరుకే. డాలస్ నుంచి కూతురు ఫోన్ చేసేది, గ్యాస్ బండ బుక్ చేసేది కూడా దాంతోనే. అది ఆగిపోతే ఇంకేముంది? తొమ్మిది నొక్కారు.

కథలోకి వెళ్ళేముందు ఓ మాట. ఈ మాస్టారు ఒక్క మనిషి కాదు. 'డిజిటల్ అరెస్టు' పేరుతో జరుగుతున్న మోసాల్లో బాధితులు, పోలీసులు బయటపెట్టిన తీరుతెన్నులన్నిటినీ ఒక ఇంట్లో పెట్టి చెబుతున్నాం. అందుకే ఆయనకు పేరు లేదు, ఊరికీ పేరు లేదు. గుంటూరు వైపు ఓ మండల కేంద్రం అనుకోండి. పేర్లతో వచ్చేవి మాత్రం లోకానికి తెలిసిన సంగతులే.

టెలికాం శాఖ నుంచి అంటూ ఒకడు ఎత్తాడు. హిందీలో నాలుగు ముక్కలు మాట్లాడి, మాస్టారు తడబడుతుంటే, తెలుగు ఆఫీసరుకి ఇస్తున్నానన్నాడు. కుర్రగొంతు వచ్చింది. మర్యాదగా, మన బజార్లో మాట్లాడుకునే తెలుగే.

"నమస్కారమండీ. ఒక్కసారి మీ వివరాలు సరిచూస్తాను. పుట్టిన తేదీ 1954 జూన్ 10. అంతేనాండీ?"

"కాదు బాబూ. 1955 జులై 1."

మాస్టారి తరంలో చాలామంది పుట్టింది జులై ఒకటినే. బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరు గారు వేసేసిన తేదీ అది. అసలు పుట్టింది ఏ మాసమో, ఏ తిథో ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా గుర్తుండదు. అయితేనేం, సర్వీసు రిజిస్టరు దగ్గర్నుంచి ఆధార్, పాన్ దాకా నడిచింది ఆ తేదీయే. అవతలివాడికి కావలసిందీ అదే.

"సారీ అండీ, మా సిస్టంలో తప్పు పడింది, మార్చేస్తున్నా. మీ పింఛను పడేది బజారు బ్రాంచిలో కదా?"

"కాదయ్యా, స్టేషన్ రోడ్డు బ్రాంచి. బ్యాంకు కూడా నువ్వు చెప్పింది కాదు." ఏ బ్యాంకో చెప్పారు.

"మీకు ఇద్దరు అబ్బాయిలు..."

"ఒక్కతే అమ్మాయి. అమెరికాలో ఉంటుంది. ఇవన్నీ ఎవరు రాశారయ్యా మీకు?"

ఎవరూ రాయలేదు. ఆ పూట వాడి దగ్గర ఉన్నవి ఒక పేరు, ఒక సెల్ నంబరు. మిగిలినవన్నీ మాస్టారు చెప్పినవే. ముప్పై నాలుగేళ్ళు ఎర్రసిరాతో పిల్లల తప్పులు దిద్దిన మనిషి. తప్పు కనబడితే ఊరుకోలేరు. నన్నడిగితే ఇది ఒక్క మాస్టార్ల జబ్బు కాదు. మన ఇంటిపేరు ఎవరైనా తప్పుగా పలికితే ఆగి దిద్దనిదే మనలో ఎవరికి తోస్తుంది? ప్రశ్న అడిగితే అనుమానం వస్తుంది. తప్పు చెబితే జవాబు దానంతటదే వస్తుంది. ఈ కిటుకు ఫోన్ దొంగలకు బాగా తెలుసు.

ఆ కుర్రాడి తెలుగు గురించి కూడా చెప్పాలి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక సంగతి బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఉత్తరాంధ్ర కుర్రాళ్ళను ఏజెంట్లు కంబోడియాకు తరలించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, ఇక్కడివాళ్ళకే ఫోన్లు చేయించారు. చెయ్యనంటే కొట్టారు. మాస్టారికి ఫోన్ చేసినవాడు అలాంటివాడో, డబ్బుకు ఆశపడి చేరినవాడో మనకు తెలియదు. మన యాసలో మాట్లాడాడు కదా అని నమ్మే రోజులు మాత్రం పోయాయి.

కుర్రాడు గొంతు తగ్గించాడు. మాస్టారి ఆధార్‌తో ముంబైలో ఎవరో సిమ్ తీశారట. దాంతో ఆడవాళ్ళకు అసభ్యంగా మెసేజ్‌లు వెళ్ళాయట. అదే ఆధార్‌తో తెరిచిన ఖాతాలో మనీ లాండరింగ్ సొమ్ము తిరిగిందట. "నాకు మీమీద నమ్మకముంది సార్. కానీ కేసు ముంబై పోలీసుల చేతిలో ఉంది. లైన్ కలుపుతా, మీరే చెప్పుకోండి."

వాట్సాప్‌లో వీడియో కాల్. యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక గోడకు గాంధీగారి పటం, బల్లమీద చిన్న జెండా.

"తలుపు గడియ పెట్టు. కెమెరా ముందునుంచి కదలొద్దు. ఇంట్లో ఎవరికన్నా చెప్పావంటే వాళ్ళూ ముద్దాయిలే."

మాస్టారు గడియ పెట్టారు. పది నిమిషాలకు అవతల నుంచి పిలుపు.

"ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది."

"ఉండవే. డిపార్టుమెంటు వాళ్ళతో మాట్లాడుతున్నా."

డిపార్టుమెంటు అనగానే ఆవిడ విద్యాశాఖ అనుకుంది. ఆగిపోయిన డీఏ బకాయిల సంగతేమో అనుకుని గ్లాసు మీద మూత పెట్టి వెళ్ళిపోయింది.

చదువుకున్న మనిషి ఇంత తేలిగ్గా ఎలా పడ్డాడని అడిగేవాళ్ళు ఒకసారి లూధియానా వైపు చూడాలి. వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్, అప్పటికి 82 ఏళ్ళ పద్మభూషణుడు, దేశంలో పేరున్న వస్త్ర పరిశ్రమను నడిపిన మనిషి. 2024 ఆగస్టు చివర్లో ఆయనకూ ఇలాంటి ఫోనే వచ్చింది. తొమ్మిది నొక్కమన్నారు, నొక్కారు. జెట్ ఎయిర్‌వేస్ నరేశ్ గోయల్ కేసులో మీ పేరుందన్నారు. మీ పేరుతోనే ఒక ఖాతా ఉందన్నారు. ఆయన చిన్నతనం గురించి, ఆస్తుల గురించి అడిగి అన్నీ చెప్పించుకున్నారు. స్కైప్‌లో రాత్రీ పగలూ కాపలా, గది దాటాలంటే వాళ్ళ అనుమతి. ఆఖరికి ఆన్‌లైన్‌లో సుప్రీంకోర్టు కూడా పెట్టారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ పేరుతో ఒకడు విచారణ జరిపాడు. ముద్ర వేసిన ఉత్తర్వు వాట్సాప్‌లో వచ్చింది. ఆయన 7 కోట్ల రూపాయలు పంపారు. పంజాబ్ పోలీసులు వాటిలో 5.25 కోట్లు వెనక్కి రాబట్టారు, గువాహటిలో ఇద్దర్ని పట్టుకున్నారు. తాను మోసపోయిన తీరును ఓస్వాల్ దాచుకోకుండా మీడియా ముందు చెప్పారు. ఆ వయసులో, ఆ హోదాలో అలా చెప్పడం చిన్న విషయం కాదు. సిగ్గుపడి నోరు మెదపనివాళ్ళే ఎక్కువ.

ఒక్క 2024లోనే డిజిటల్ అరెస్టు, దానికి దగ్గరి మోసాల మీద లక్షా 23 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయని, పోయిన సొమ్ము 1,935 కోట్లని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది. ఆ ఏడు అక్టోబరు 27న ప్రధాని 'మన్ కీ బాత్'లో దీని గురించే మాట్లాడారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదన్నారు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పోలీసు ఈ దేశంలో ఎక్కడా లేడు. మాస్టారి ఫోన్‌లో కూడా ఆ హెచ్చరిక కాలర్ ట్యూన్‌గా ఎన్నోసార్లు మోగింది. మోగినప్పుడల్లా అవతలివాళ్ళు ఎప్పుడెత్తుతారా అని విసుక్కున్నారు తప్ప వినలేదు. ఎవరు విన్నారు లెండి!

గదిలో పని చకచకా జరుగుతోంది. ఆధార్ రెండువైపులా కెమెరాకు చూపించమన్నాడు. పాన్ కార్డు చూపించమన్నాడు. పాస్‌పుస్తకం మొదటి పేజీ ఫొటో తీసి పంపమన్నాడు. కార్డు గడ్డం దగ్గర పట్టుకుని సెల్ఫీ దిగమన్నాడు. తల కుడికి తిప్పు, ఎడమకి తిప్పు, కళ్ళు ఆర్పు. తెల్లకాగితం మీద మూడుసార్లు సంతకం చెయ్యి. చివరికి క్లియరెన్స్ ఫీజు పేరుతో యూపీఐలో 45 వేలు. "ఇక నీ ఎఫ్‌డీలు రిజర్వు బ్యాంకు తనిఖీ ఖాతాకు పంపాలి. కడిగిన ముత్యంలా బయటికొస్తావు. డబ్బు మూడ్రోజుల్లో తిరిగొచ్చేస్తుంది."

మాస్టారు చొక్కా వేసుకున్నారు. ఫోన్ కట్ చెయ్యకుండా, కెమెరా బయటికి కనబడేలా పైజేబులో పెట్టుకోమన్నాడు. బ్యాంకులో అడిగితే స్థలం కొంటున్నానని చెప్పమన్నాడు.

కౌంటర్లో ఉన్న అమ్మాయికి మాస్టారు తెలుసు. ప్రతినెలా మొదటివారంలో వచ్చి పాస్‌పుస్తకం ప్రింటు వేయించుకుని, పక్కనే నిలబడి ప్రతి పద్దూ చదువుకుని వెళ్ళే మనిషి. ఆయన ఒక్కసారిగా ఎనిమిది లక్షల ఎఫ్‌డీ రద్దు చేయమంటున్నారు.

"వచ్చేనెల గడువు తీరిపోతుంది కదండీ. ఇప్పుడు తీస్తే వడ్డీ తగ్గుతుంది."

"స్థలం కొంటున్నానమ్మా."

"ఎక్కడండీ?"

ఆ ప్రశ్నకు వాడు జవాబు నేర్పలేదు. మాస్టారి చూపు జేబు వైపు పోయింది. అమ్మాయి చూపు కూడా అటే వెళ్ళింది. జేబులోంచి లెన్సు తొంగి చూస్తోంది, గుడ్డలోంచి తెర వెలుగు కనబడుతోంది. ఆమె ఇంకేం అడగలేదు. డిపాజిట్ ఓచరు తిప్పి వెనకవైపు బాల్ పెన్నుతో రాసి, లెన్సుకు అందకుండా బల్లమీదే తన వైపు అంచున పెట్టి చూపించింది.

'ఎవరన్నా వింటున్నారా?'

మాస్టారి కింది పెదవి వణికింది. తలూపారు. ఆమె చెయ్యి చాచి జేబులోంచి ఫోన్ తీసి స్విచాఫ్ చేసేసింది. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. హైదరాబాద్‌లో, ఇతర ఊళ్ళలో బ్యాంకు సిబ్బంది ఇలా ఆరా తీసి ఆపిన కేసులు నిజంగానే ఉన్నాయి. ఆ రెండు ప్రశ్నలు అడిగే ఓపిక ఉన్నవాళ్ళు కౌంటర్లో ఉండటం మన అదృష్టం. బ్యాంకంతా ఫోన్‌లోకి వెళ్ళిపోతే ఆ ప్రశ్న ఎవరు అడుగుతారో నాకు అర్థం కాదు.

ఎనిమిది లక్షలు నిలిచాయి. చాలా కథనాలు ఇక్కడ ముగుస్తాయి. మాస్టారి కథలో అసలు భాగం ఆ సాయంత్రం మొదలైంది.

బావమరిది కొడుకు పక్కవీధి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. అత్తయ్య ఫోన్ చెయ్యగానే వచ్చాడు. వస్తూనే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కలిపాడు. యూపీఐలో డబ్బు పంపిన సమయం, లావాదేవీ నంబరు చెప్పాడు. సొమ్ము దొంగ ఖాతాలోంచి ఇంకో నాలుగు ఖాతాల్లోకి చెదిరిపోయేలోపు ఫిర్యాదు చేరితేనే బ్యాంకులు ఆపగలుగుతాయి. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు రాశాడు. అప్పుడొచ్చి మాస్టారి ఎదుట కూర్చున్నాడు.

"మావయ్యా, డబ్బు సంగతి అలా ఉంచు. వాడికి ఏమేం చూపించావో వరసగా చెప్పు."

"చూపించానంతేరా. ఇవ్వలేదుగా."

"వాడికి చూపిస్తే ఇచ్చినట్టే. వీడియోని వాడు రికార్డు చేసుకుంటాడు."

దొంగలు పడ్డ ఇంట్లో పోయిన సామాన్లు రాయించినట్టు, మాస్టారు చెబుతుంటే అతను పాత నోటుబుక్కులో రాశాడు. ఆధార్ రెండువైపులా. పాన్. ఖాతా నంబరు. మొహం మూడు వైపుల నుంచి. సంతకం. పుట్టిన తేదీ. కూతురుండే ఊరు. రాస్తున్నకొద్దీ మాస్టారి మొహం పాలిపోయింది. ఎనిమిది లక్షలకు బదులు పోయింది తానేనని అప్పుడు తెలిసింది. ఉదయం వాడు బెదిరించిన నేరాలున్నాయే, మీ ఆధార్‌తో సిమ్ తీశారు, మీ పేరున ఖాతా తెరిచారు అని, అప్పటిదాకా అవి అబద్ధాలు. వాటిని నిజం చెయ్యడానికి కావలసిన కాగితాలు మాస్టారే వాడి చేతికిచ్చారు.

"వేలిముద్ర ఇవ్వలేదు. అది నయం," అన్నారు కాస్త ఊపిరి పీల్చుకుని.

మేనల్లుడు నవ్వలేదు. "2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఏం జరిగిందో తెలుసా? ఒక మొబైల్ షాపువాడు రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటిమీదున్న వేలిముద్రలతో రబ్బరు స్టాంపులు చేశాడు. వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసేశాడు, కంపెనీ టార్గెట్ల కోసం. ఆ రైతులెవరూ ఏ దొంగతోనూ మాట్లాడలేదు మావయ్యా. పొలం అమ్ముకున్నారు, అంతే."

మాస్టారు తన బొటనవేలు చూసుకున్నారు.

ఆ రాత్రి భోజనాలు ఆలస్యమయ్యాయి. మేనల్లుడు మాస్టారి ఫోన్‌లోనే ఆధార్ యాప్ తెరిచి బయోమెట్రిక్స్ లాక్ చేశాడు. ఇక వేలిముద్ర, కనుపాప, మొహం ఏది పెట్టినా ఆధార్ ఔననదు. రేషన్ దుకాణంలో వేలు పెట్టాల్సి వచ్చినా, ఏటా పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినా అప్పటికప్పుడు తెరుచుకుని మళ్ళీ మూసెయ్యొచ్చని చూపించాడు. తర్వాత టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీలో చూశాడు. మాస్టారి పేరుమీద ఎన్ని సెల్ కనెక్షన్లున్నాయో అందులో తెలుస్తుంది. రెండే ఉన్నాయి, రెండూ సొంతవే. మనది కానిదుంటే అక్కడే 'నాది కాదు' అని నొక్కొచ్చు. పాన్ నంబరుమీద ఎవరన్నా అప్పు తీశారేమో అని క్రెడిట్ రిపోర్టు తెప్పించాడు. క్రెడిట్ సంస్థలు ఏడాదికోసారి దాన్ని ఉచితంగా ఇవ్వాలి. నెలనెలా ఓ కన్నేసి ఉంచమన్నాడు. ఈ దొంగలు ఇవాళ తీసుకున్న కాగితాన్ని ఇవాళే వాడాలని ఏం లేదు. ఇక జిరాక్సు షాపుకో, లాడ్జికో ఆధార్ ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఒకటి దించి ప్రింటు తీశాడు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి బియ్యం కార్డు ఉండే కవర్లోనే పెట్టింది.

బ్యాంకు వాళ్ళకూ చెప్పి ఖాతాకు కాపలా పెట్టించారు. ఇవన్నీ చేసినా మాస్టారి మొహం ఆ కంప్యూటర్లలో ఉండిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చే బటన్ ఎక్కడా లేదు.

రెండో రోజుకు భయం పోయి కోపం వచ్చింది. "ఆ వెధవకి ఫోన్ చేసి నాలుగు కడిగేస్తానురా. నా శిష్యుల్లో ఎస్సైలున్నారని చెబుతా. నా పేరేంటో తెలియాలి వాడికి."

"నీ పేరు వాడికి తెలుసు మావయ్యా. అదేగా గొడవ! ఎస్సై ఎవరో, ఏ ఊళ్ళో ఉన్నాడో అది కూడా చెప్పేస్తావు."

దొంగల్ని ఆటపట్టించడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు లోకంలో ఉన్నారు. జిమ్ బ్రౌనింగ్ అని బ్రిటన్‌లో ఒకాయన. మోసపు కాల్ సెంటర్ల కంప్యూటర్లలోకి తనే దూరి వాళ్ళ పనిని వీడియోలుగా బయటపెడతాడు. గురుగ్రామ్‌లోని ఒక సెంటర్లో సీసీ కెమెరాల్లోంచి తీసిన దృశ్యాలతో 2020లో బీబీసీ పనోరమా కార్యక్రమం కూడా చేసింది. జిమ్ బ్రౌనింగ్ అన్నది ఆయన అసలు పేరు కాదు. మొహం చూపించడు. అంత జాగ్రత్తపరుణ్ణి 2021 జులైలో ఒకడు యూట్యూబ్ సహాయ విభాగం మనిషినని నమ్మించి, తన ఛానెల్‌ను తన చేతులతోనే తీసేసుకునేలా చేశాడు. ఛానెల్ తర్వాత తిరిగొచ్చింది. ఎవరైనా మోసపోవచ్చని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ పనిలో పండినవాడికే అలా జరిగినప్పుడు, జులై ఒకటిన పుట్టిన మన మాస్టారు వాడితో తగువుకు దిగడం ఎందుకు? నంబరు బ్లాక్ చేశారు. సంచార్ సాథీలోనే 'చక్షు' అన్నచోట ఆ కాల్ మీద ఫిర్యాదు పెట్టారు.

మూడు వారాలు గడిచాయి. ఓ మధ్యాహ్నం ఫోన్. ఈసారి ఆడగొంతు, చక్కటి తెలుగు.

"నమస్కారమండీ, సైబర్ రికవరీ విభాగం నుంచి మాట్లాడుతున్నాం. మీరు పోగొట్టుకున్న 45 వేలు దొరికాయి. చిన్న ప్రాసెసింగ్ ఫీజు కడితే ఇవాళే జమ అవుతాయి. మీ వివరాలు సరిచూస్తున్నా. డాలస్‌లో ఉండే మీ అబ్బాయి..."

ఆమెకు డాలస్ తెలుసు. 45 వేలూ తెలుసు. ఆ లెక్క తెలిసినవాళ్ళు ఫిర్యాదు తీసుకున్న పోలీసులు, బ్యాంకు, డబ్బు కొట్టేసినవాళ్ళు. పోలీసులైతే ఫీజు అడగరు. ఒకసారి మోసపోయినవాళ్ళ జాబితా ఆ ముఠాల్లో చేతులు మారుతూనే ఉంటుంది. రెండోసారి పడేది కూడా ఆ జాబితాలోనివాళ్ళేనని ముఠాల నమ్మకం.

'అబ్బాయి' అన్న మాట మాస్టారి చెవిలో ముల్లులా గుచ్చుకుంది. నోటిదాకా వచ్చింది. మంచం మీద కూర్చుని వత్తులు చేస్తున్న ఆవిడ చెయ్యి ఆపి ఆయన్నే చూస్తోంది.

"ఏ స్టేషనమ్మా మీది?" అన్నారు.

"హెడ్ ఆఫీసండీ. మీ అబ్బాయి నంబరు ఒక్కసారి..."

"మా ఊరి పోలీసు స్టేషన్‌కి కాగితం పంపండి. అక్కడికెళ్ళి చూసుకుంటా." పెట్టేశారు. ఉన్నది అమ్మాయి అని మాత్రం చెప్పలేదు.

45 వేలలో 31 వేలు ఎక్కడో ఖాతాలో ఆగి ఉన్నాయని, కోర్టు ఉత్తర్వు వచ్చాక ఇస్తారని స్టేషన్ నుంచే కబురొచ్చింది. మాస్టారు ఇంకా తిరుగుతున్నారు.

వేరొకరి గుర్తింపును దొంగిలించి వాడుకుంటే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వేరొకరిలా నటించి మోసం చేస్తే 66డి కింద అంతే శిక్ష. డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. దొంగలు సరిహద్దులకు అవతల కూర్చున్నప్పుడు ఆ సెక్షన్లు మన గుమ్మందాకా రావడానికి చాలాకాలం పడుతుంది. ఈలోగా ఈ ఆదివారం భోజనాలయ్యాక మీ ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళ ఫోన్‌లో ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చెయ్యండి. పేరుమీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. 1930 నంబరును వాళ్ళకు అర్థమయ్యే పేరుతో సేవ్ చేసి పెట్టండి. ఫోన్‌లో ఎవడన్నా మన వివరాలు తప్పుగా చదివితే దిద్దకుండా పెట్టెయ్యమని చెప్పండి. అరగంట పని.